సమీకరణం తుల్యం చేస్తుంది, అయానిక సమీకరణం మాత్రం రాయలేకపోతోంది. ట్యూషన్ పెట్టించాలా?

చిత్తూరు నుంచి ఒకమ్మ అడిగారు: పాప పదో తరగతి, మామూలు సమీకరణాలు చకచకా తుల్యం చేసేస్తుంది, అయానిక సమీకరణం (చర్యలో నిజంగా పాల్గొనే అయాన్లను, పదార్థాలను మాత్రమే చూపేది) అనేసరికి మార్కులు పోతున్నాయి, తిరుపతిలో ఎక్కడైనా చేర్పించాలా అని.

ట్యూషన్ వద్దమ్మా. తిరుపతిలో వీధికొక కోచింగ్ సెంటర్ ఉంది. బయట నీట్, జేఈఈ ర్యాంకుల ఫ్లెక్సీలు, లోపల సమీకరణాలను బిట్లుగా బట్టీ పట్టించడం. నాలుగు ఆప్షన్లలో సరైనదానికి టిక్కు పెట్టడం వేరు, తెల్ల కాగితం మీద మొదటి నుంచి రాయడం వేరు.

మీ పాపకి లెక్క రాక కాదు. ఏది అయాన్లుగా (ఆవేశం ఉన్న కణాలుగా) విడగొట్టాలో, ఏది ముట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు, అంతే. నీళ్ళలో కరిగి ఉన్న లవణం, బలమైన ఆమ్లం, బలమైన క్షారం: ఈ మూడింటినే విడగొట్టాలి. ఘనపదార్థం, అవక్షేపం (ద్రావణాలు కలిపినప్పుడు కరగకుండా విడిపడే పదార్థం), వాయువు, నీరు, బలహీన ఆమ్లం ఎట్లా ఉన్నవి అట్లాగే ఉండాలి. (ఫోన్‌లో టైప్ చేస్తున్నా కాబట్టి సంకేతాలకు బదులు పేర్లు రాస్తున్నాను. నోట్సులో పాపతో సంకేతాలే రాయించండి.)

మన వైపు బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది కదా, అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటే. దాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుసా పొంగుతుంది. ఈ చర్యకి పిల్లలు రాసేది ఇది:

కార్బనేట్²⁻ + 2 హైడ్రోజన్⁺ → నీరు + కార్బన్ డయాక్సైడ్

పరమాణువులు సరిపోయాయి, ఆవేశం సరిపోయింది, అయినా తప్పే. గిన్నెకి పట్టుకున్న పొర ఘనపదార్థం. అందులో కార్బనేట్ ఒక్కటే విడిగా తిరగడం లేదు. సరైనది:

కాల్షియం కార్బనేట్ (ఘన) + 2 హైడ్రోజన్⁺ → కాల్షియం²⁺ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఇక్కడ ప్రేక్షక అయాన్ (చర్యలో పాల్గొనకుండా రెండు పక్కలా అట్లాగే ఉండేది, అందుకే కొట్టేస్తాం) క్లోరైడ్ మాత్రమే. పిల్లలు రాసిన మొదటి సమీకరణం నీళ్ళలో కరిగించిన వాషింగ్ సోడాకి అచ్చంగా సరిపోతుంది. అదే పొర మీద వినెగర్ పోస్తే కథ మళ్ళీ మారుతుంది. వినెగర్‌లో ఎసిటిక్ ఆమ్లం నూటికి ఒక అణువు కూడా విడిపోదు, కాబట్టి హైడ్రోజన్⁺ అని రాయకూడదు:

కాల్షియం కార్బనేట్ (ఘన) + 2 ఎసిటిక్ ఆమ్లం → కాల్షియం²⁺ + 2 ఎసిటేట్⁻ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఇందులో ప్రేక్షకులే లేరు. ఈ మూడూ పక్కపక్కన రాయించి తేడా చెప్పమనండి. చెప్పగలిగితే సగం పాఠం వచ్చేసినట్టే. బ్రాకెట్లో స్థితి రాయకపోయినా మార్కులు పోవులే అని కొందరు సార్లు దాన్ని వదిలేయిస్తారు. ఘనమో ద్రావణమో రాయకపోతే విడగొట్టాలో వద్దో బిడ్డకి ఎట్లా తెలుస్తుంది?

అన్నట్టు, బాత్రూం యాసిడ్‌తో కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ కలపొద్దు. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది హైపోక్లోరైట్: హైపోక్లోరైట్⁻ + క్లోరైడ్⁻ + 2 హైడ్రోజన్⁺ → క్లోరిన్ వాయువు + నీరు. పై చర్యలో ఊరికే కూర్చున్న క్లోరైడే ఇక్కడ విషవాయువు అవుతుంది. ప్రేక్షక అయాన్ల జాబితా అని ఒకటి బట్టీ పట్టిస్తారు చూడండి, అందుకే నాకు ఒళ్ళు మంట.

రెండో తప్పు ఆవేశం దగ్గర. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో రాగి తీగ వేస్తే పిల్లలు రాసేది: కాపర్ + సిల్వర్⁺ → కాపర్²⁺ + సిల్వర్. అటూ ఇటూ కాపర్ ఒకటి, సిల్వర్ ఒకటి, తుల్యమైపోయిందని గీత గీసేస్తారు. ఎడమ పక్క మొత్తం ఆవేశం ప్లస్ 1, కుడి పక్క ప్లస్ 2! ఒక రాగి పరమాణువు 2 ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఒక సిల్వర్ అయాన్ ఒక్కటే తీసుకుంటుంది. అందుకే కాపర్ + 2 సిల్వర్⁺ → కాపర్²⁺ + 2 సిల్వర్. పరమాణువులు లెక్కపెట్టాక కింద ఇంకో వరుసలో రెండు పక్కల ఆవేశం రాసే అలవాటు చేయించండి. సున్నానే రావాలని లేదు, రెండు పక్కలా ఒకటే ఉంటే చాలు.

విడగొట్టేటప్పుడు కింద ఉన్న అంకెల్ని కూడా చూడాలి. కాల్షియం క్లోరైడ్‌లో క్లోరిన్ కింది 2 ముందుకొస్తుంది: కాల్షియం²⁺ + 2 క్లోరైడ్⁻. సల్ఫేట్‌లోని 4, నైట్రేట్‌లోని 3 మాత్రం కదలవు, అవి ఆ అయాన్ లోపలివి.

కరిగేవీ కరగనివీ కొంచెం గుర్తుండాలి, తప్పదు. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు, నైట్రేట్లన్నీ కరుగుతాయనుకోండి. క్లోరైడ్లలో సిల్వర్, లెడ్, సల్ఫేట్లలో బేరియం, లెడ్ అవక్షేపమవుతాయి. కార్బనేట్లు మొదట చెప్పిన ఆ మూడింటివి తప్ప దాదాపు ఏవీ కరగవు. పదో తరగతికి ఇంతకంటే అక్కర్లేదు. సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్ ద్రావణాలు కలిపితే అన్నీ ప్రేక్షకులే, కొట్టేశాక ఏమీ మిగలదు. అప్పుడు ‘చర్య లేదు’ అని రాయాలి.

చివరగా పాపకి ఇది ఇచ్చి చూడండి: బేరియం హైడ్రాక్సైడ్ ద్రావణం, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. చాలామంది బేరియం²⁺ + సల్ఫేట్²⁻ → బేరియం సల్ఫేట్ అని రాసి ఆపేస్తారు. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ కూడా నీరవుతున్నాయి కదా, పక్కనే + 2 హైడ్రోజన్⁺ + 2 హైడ్రాక్సైడ్⁻, అటువైపు 2 నీరు రావాలి. ఎవరూ ప్రేక్షకులు కారు. బడిలో బల్బు సర్క్యూట్ (ద్రావణంలోని అయాన్ల గుండా కరెంటు పోతే బల్బు వెలిగేది) ఉంటే ఆ క్షారంలో ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా వేయించండి. బల్బు మసకబారుతూ ఒక దశలో దాదాపు ఆరిపోతుంది, ఇంకా వేస్తే మళ్ళీ వెలుగుతుంది. ఎందుకు వెలిగిందో పాప అయాన్ల పేర్లతో చెప్పాలి.