పీఎంపీ ముందా, షట్‌డౌన్ ముందా?

పరవాడ ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పదకొండేళ్ళ సర్వీసు ఉంది, మేనేజరు కావాలంటే పీఎంపీ (ప్రాజెక్టులు నడిపేవాళ్ళకిచ్చే ‘ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్’ సర్టిఫికెట్) రాయాలా, లీడర్‌షిప్ పెంచుకోవాలా అని అడిగారు.

చట్టం అడిగే కాగితం వేరు, గోడకి తగిలించే కాగితం వేరు. బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు సర్టిఫికెట్ మొదటి రకం. అది లేకుండా ఎంత సమర్థుడైనా ఆ పోస్టులో కూర్చోబెట్టరు. మీ దారి అటైతే ఆలోచించకుండా పరీక్ష రాసెయ్యండి.

పీఎంపీ అలా కాదు. డిగ్రీ ఉన్నవాళ్ళని 35 గంటల క్లాసులతో పాటు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం అడుగుతుంది. కోచింగ్ వాళ్ళు 35 గంటల గురించే మాట్లాడతారు, వాళ్ళు అమ్మగలిగింది అదే కాబట్టి. రోజూ పంపు సీళ్ళు మార్చడం ప్రాజెక్టు లెక్కలోకి రాదు. మొదలూ చివరా ఉన్న వార్షిక షట్‌డౌన్, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు, వస్తుంది. అంటే ఆ సర్టిఫికెట్టే ముందు మనుషుల్ని నడిపి రమ్మంటోంది.

నడపడమంటే మైకు పట్టుకుని మాట్లాడ్డం కాదు. మధ్యాహ్నం 2 గంటలకి పొద్దుటి ‘ఏ’ షిఫ్టు దిగి బీ షిఫ్టు ఎక్కే ఆ పావుగంట చూడండి, మనిషి తేలిపోతాడు. రియాక్టరు మ్యాన్‌హోల్ తెరిచి ఉంది. నైట్రోజన్ వాల్వు మూశారు గానీ బ్లైండ్ (పైపుని అడ్డంగా మూసే రేకు) వెయ్యలేదు. గాజువాక బస్సు కదిలిపోతుందని ‘ఏ’ షిఫ్టు వాళ్ళు రిజిస్టరులో ‘పని జరుగుతోంది’ అని గీకి వెళ్ళిపోయారు. వాల్వు పాసింగ్ అవుతోంది, అంటే మూసినా లోపలికి కారుతోంది. నైట్రోజన్‌కి వాసన ఉండదు, లోపలి ఆక్సిజన్‌ని తోసేసినా తెలీదు. పొద్దున తీసిన గ్యాస్ టెస్టు రీడింగు చూసి మనిషిని లోపలికి దింపితే అంతే సంగతులు. మూసిన వాల్వుని నమ్మకూడదు. లైను విడదీయాలి, లేదా బ్లైండ్ వెయ్యాలి. భోజనం విరామం తర్వాత మళ్ళీ టెస్టు చెయ్యాలి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే ఎవరూ దిగకూడదు. ఏ ఫ్లాంజికి (పైపు అతుకుకి) బ్లైండ్ వేశారో, ఎవరు వేశారో, ఎవరు తియ్యాలో రాసిన జాబితా పట్టుకుని ఇద్దరు ఇన్‌ఛార్జులూ రియాక్టరు దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి, ఏసీ గదిలో కాదు. బస్సు ఆపించైనా సరే ఆ పని చేయించగలిగితే, సాఫ్ట్‌స్కిల్స్ క్లాసుకి కట్టే డబ్బు మిగిలినట్టే.

కాబట్టి వచ్చే షట్‌డౌన్‌లో చిన్నదైనా ఒక ఏరియా అడిగి తీసుకోండి. అనుకున్న రోజులెన్ని, పట్టిన రోజులెన్ని, కాంట్రాక్టు మనుషులెంతమంది, ఎక్కడ ఆలస్యమైంది, గాస్కెట్లు రాకా, క్రేను దొరక్కా, అన్నీ ఆ రోజే రాసుకోండి. పీఎంపీ దరఖాస్తు ఆడిట్‌కి పడితే పై అధికారి ధ్రువీకరించాల్సింది ఇదే. ఆయన రిటైరయ్యాక వెతుక్కోవడం చాలా కష్టం. ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే.

పాసయ్యాక మూడేళ్ళకోసారి 60 పీడీయూలు (వృత్తిలో కొత్తగా నేర్చుకున్నదాని లెక్క) చూపిస్తేనే అది నిలుస్తుంది. ఫీజు, రెన్యువల్ కంపెనీ భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ని ముందే అడగండి, రాతపూర్వకంగా.