సెన్సై మెచ్చుకున్న డైరీ ఎవరిది?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసయ్యాను, డిసెంబర్‌లో దానిపై స్థాయి ఎన్3 రాస్తాను. మా సెన్సై (జపనీస్ టీచర్) ప్రతివారం డైరీ రాయమంటారు. నేను రాసింది చాట్‌జీపీటీతో దిద్దించి ఇస్తే చాలా బాగుందంటున్నారు. క్లాసులో కూర్చోబెట్టి రాయమంటే మాత్రం నాలుగు వాక్యాలు రావడం లేదు. ఏఐ మానేయాలా? అన్నీ అదే రాసేస్తుంటే ఇక జపనీస్ ఎందుకని నాన్నగారు అంటున్నారు.

జవాబు: మానక్కర్లేదు, అడిగే పద్ధతి మార్చుకోండి. మీరు దిద్ది పెట్టమంటున్నారు, అది మీ డైరీని అన్నిటికన్నా పై స్థాయి ఎన్1 వాళ్లు రాసినట్టు చేసిపెడుతోంది. సెన్సై మెచ్చుకుంటున్నది దాన్నే.

ఇలా అడిగి చూడండి: "నాది ఎన్4 స్థాయి. వాక్యాలు తిరగరాయొద్దు. తప్పు ఎక్కడుందో చూపించు చాలు, సరైనది ఇప్పుడే చెప్పొద్దు." మీరు సరిచేసుకున్నాక కారణం తెలుగులో చెప్పమనండి.

మనవాళ్లు బాగా తడబడేది 'ని', 'దె'ల దగ్గర. ఇంట్లో ఉన్నాను అన్నా, ఇంట్లో చదివాను అన్నా మనకు ఒకటే 'లో'. జపనీస్‌లో ఉండటానికి 'ని', ఏదైనా పని చేయడానికి 'దె'. అందుకే 'కైషా ని హతరకిమాసు' (కంపెనీలో పనిచేస్తాను) అని రాసేస్తాం, అక్కడ 'కైషా దె' రావాలి. అది కాస్త ఒంటబట్టేసరికి 'కైషా ని త్సుతొమెతె ఇమాసు' ఎదురవుతుంది. ఇదీ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాననే, కానీ ఇక్కడ 'ని'యే కరెక్టు! ఇలాంటి చోట ఎందుకని గుచ్చి గుచ్చి అడగండి. చెప్పింది అనుమానంగా ఉంటే వ్యాకరణ పుస్తకం తీయండి. మీరు గట్టిగా కాదంటే ఏఐ సరైన మాటను కూడా మార్చేసుకోగలదు.

అది మార్చిన ప్రతిదీ మీ తప్పు కాదు. "ఇది తప్పా, ఇంకోలా కూడా చెప్పొచ్చనా?" అని విడిగా అడిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. రెండ్రోజులాగి అదే డైరీని చూడకుండా చేత్తో రాయండి. సెన్సైకి మీ మొదటి రాత, దిద్దుకున్న రాత రెండూ ఇవ్వండి. మీకేం నేర్పాలో ఆయనకు తెలిసేది మొదటిదాన్ని బట్టే.

ఎన్3లో వ్యాసం రాయడం, మాట్లాడటం ఉండవు, అన్నీ ఆప్షన్లే. 180కి 95 రావాలి, మూడు భాగాల్లోనూ 60కి 19 తగ్గకూడదు. కాబట్టి డైరీ వల్ల పరీక్షలో నేరుగా మార్కులు రావు. అది పనికొచ్చేది ఉద్యోగంలో.

నాన్నగారి మాటా కొట్టిపారేయలేం. వట్టి అనువాదం మీదే బతకాలనుకుంటే ఇకమీదట కష్టమే. మీకు ఇంజినీరింగ్ కూడా ఉంది కదా. జపాన్ క్లయింట్లున్న సాఫ్ట్‌వేర్ టీముల్లో గానీ, బెంగళూరు దగ్గర బిడదిలో టొయోటా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో గానీ అడిగేది, మీటింగ్‌లో ఎదురుగా కూర్చుని సమస్య అర్థం చేసుకుని అప్పటికప్పుడు జవాబు చెప్పగలిగే మనిషిని. ఆ పనికి ఎన్3 దగ్గర ఆగిపోకుండా ఎన్2 వైపు వెళ్లమనే నా సలహా. ఇంటర్వ్యూలో ఓ చిన్న మెయిల్ అక్కడే రాయమన్నా రాయగలగాలి.

చేరాక ఒక్క జాగ్రత్త. క్లయింటు మెయిళ్లు, డ్రాయింగులు బయటి ఏఐలో పెట్టి దిద్దించకండి. కంపెనీ ఏ టూల్‌కు అనుమతిచ్చిందో మేనేజర్‌ని అడిగి అదే వాడండి.