సర్వీసు చేయించిన మర్నాడే నీలం పొగ: వారంటీ లేకపోతే హక్కు కూడా లేదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. 2019లో డీజిల్ టర్బో కారు కొన్నాను. వారంటీ ముగిసినా ప్రతి సర్వీసూ విశాఖపట్నంలోని డీలర్ దగ్గరే చేయిస్తున్నాను. గత నెల సర్వీసు చేయించి మర్నాడు ఉదయం ఇంటికి బయలుదేరాను. నాతవలస టోల్ గేటు దగ్గర ఆగి, మళ్లీ కదిలేసరికి వెనక నీలం పొగ కమ్మేసింది. సర్వీసుకు ముందు పొగ జాడే లేదు. మా ఊరి మెకానిక్ చూసి ఆయిల్ గీత దాటి పైకి ఉందని, టర్బో గొట్టంలోనూ ఆయిల్ తడి ఉందని చెప్పాడు. బిల్లులో ఇంజిన్ ఆయిల్ 6 లీటర్లని ఉంది. కారు పుస్తకంలో ఫిల్టర్‌తో కలిపి 4.8 లీటర్లు అని ఉంది. డీలర్‌కు ఫోను చేస్తే, ‘టర్బో పోయింది, వారంటీ లేదు, అరవై వేలు అవుతుంది’ అన్నారు. కేసు వేయవచ్చా? విశాఖ తిరగాలా? కొత్త కారు అడగవచ్చా?

జవాబు: ముందు ఒక పని చేయండి. మీ మెకానిక్‌ను ఆ ఆయిల్ తీయనివ్వకండి, కారు నడపకండి. తీసిన ఆయిల్‌తో పాటు మీ కేసూ డ్రెయిన్ బోల్టు నుంచి కారిపోతుంది. నడపవద్దనడానికి ఇంకో కారణం ఉంది. డీజిల్ ఇంజిన్‌లోకి ఆయిల్ ధారగా చేరితే అదే ఇంధనమై, తాళం తిప్పినా ఇంజిన్ ఆగని స్థితి రావచ్చు. ఇది ప్రాణం మీదకు వచ్చే విషయం.

ఇప్పుడు వారంటీ సంగతి. కారు తయారీలో లోపం ఉంటే సరిచేస్తానని కంపెనీ ఇచ్చే హామీ వారంటీ. మీ ఫిర్యాదు తయారీ గురించి కాదు, డబ్బు తీసుకుని చేసిన సర్వీసు గురించి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవ నాణ్యతలో, చేసిన తీరులో తగ్గుదల ఉంటే అది సేవాలోపం. కారు పాతదైనా, వారంటీ ముగిసినా సర్వీసు జాగ్రత్తగా చేయాల్సిన బాధ్యత తగ్గదు. కాబట్టి ‘వారంటీ లేదు’ అన్నది మీ ప్రశ్నకు జవాబే కాదు. ఆ మాటకు జంకి ఎంతో మంది జేబు నుంచి డబ్బు కట్టేస్తున్నారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అయితే సేవాలోపాన్ని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘సర్వీసు తర్వాత పొగ వచ్చింది, కనుక సర్వీసు వల్లే వచ్చింది’ అంటే చాలదు. పొగ రంగు దారి చూపుతుంది, తీర్పు చెప్పదు. నల్ల పొగ అయితే గాలి చాలలేదనో, గొట్టం బిగింపు వదులైందనో అనుకోవాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్‌నో, కాలని డీజిల్‌నో అనుమానించాలి. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. ఆ ఆయిల్ ఏ దారిన వచ్చిందన్నదే మీ వివాదం.

టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే రెక్కల చక్రం. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఆయిలే. పంపు ఒత్తిడితో లోపలికి వెళ్లిన ఆయిల్, తన బరువుతో తాను కింది గొట్టం గుండా ఇంజిన్ అడుగుకు జారాలి. అడుగున ఆయిల్ మట్టం పెరిగినా, అక్కడ ఆవిరి ఒత్తిడి పెరిగినా ఆ జారుడు నిలుస్తుంది. ఆయిల్ సీళ్లను దాటి గాలి గొట్టంలోకి, సైలెన్సర్ వైపుకు పోతుంది. అంటే మీ టర్బో చెడిపోకుండానే పొగ వచ్చి ఉండవచ్చు. గాలి గొట్టం ఊడదీసి ఇరుసును వేళ్లతో కదిపి చూడాలి. పక్కలకు కాస్త కదలడం మామూలే, ముందుకూ వెనక్కూ ఆడకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. ఇది చూడకుండా ఫోనులోనే టర్బో పోయిందని చెప్పి అరవై వేలు అడగడాన్ని నేను ఒప్పుకోను.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ బిల్లు. 4.8 లీటర్లు పట్టే ఇంజిన్‌కు 6 లీటర్లు రాశారు. నిజంగా పోసి ఉంటే అది నిర్లక్ష్యం. పోయలేదంటారా, అప్పుడు పోయని 1.2 లీటర్లకు మీ దగ్గర డబ్బు తీసుకున్నట్టు. డీలర్ ఏ మాట చెప్పినా ఒకచోట దొరుకుతారు. కాకపోతే రెండో మాటను ఎంచుకునే అవకాశం ఉంది కనుక, ఆయిల్ మట్టం ఎంత ఉందో ఇప్పుడే నమోదు కావాలి. కారును చదునైన చోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఉంచి, గేజి పుల్లను తుడిచి ముంచి తీయండి. కిలోమీటర్ల రీడింగూ నంబరు ప్లేటూ ఒకే వీడియోలో కనపడాలి. మెకానిక్ కాక మరో ఇద్దరు దగ్గర ఉంటే మంచిది. నాతవలస, మడపాం టోల్ గేట్ల ఫాస్టాగ్ వివరాలు బ్యాంకు నుంచి తీసుకోండి. సర్వీసుకు కారు తీసుకుంటూ డీలర్ రాసిచ్చిన జాబ్ కార్డులోని రీడింగుతో వాటిని కలిపితే, సర్వీసు తర్వాత కారు ఎక్కడికీ తిరగకుండా ఇంటికే వచ్చిందని తేలుతుంది. వీడియో లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయండి.

తర్వాత కారును లారీ మీద ఎక్కించి అదే డీలర్ దగ్గరకు పంపండి. కొత్త జాబ్ కార్డులో ‘సర్వీసు మర్నాడు నీలం పొగ, ఆయిల్ మట్టం గీతకు పైన’ అని మీ మాటల్లోనే రాయించండి. ‘సాధారణ తనిఖీ’ అని రాస్తే సంతకం పెట్టకండి. కాపీ మీ చేతికి వచ్చేదాకా తాళం ఇవ్వకండి. కారు అత్యవసరమై టర్బో మార్పించుకోవాల్సి వస్తే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, పాత టర్బోను అడిగి తీసుకుని సీలు వేసి భద్రపరచండి. మార్చేసి పాతది పారేశామన్న మాటతో ఓడిన కేసులు నేను చూశాను.

నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. ఒక ప్రతి కార్ల కంపెనీకీ వెళ్లాలి. వారి ఇంజనీరు వచ్చి చూసి నివేదిక రాస్తే అది మీకు పనికొస్తుంది. అలాగని కంపెనీని ప్రతివాదిగా చేర్చడం మీ కేసులో అనవసరం. డీలర్ చేసిన తప్పుకు, కంపెనీకి తెలియకుండా జరిగినప్పుడు, కంపెనీని బాధ్యురాలిని చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2021లో ఒక కేసులో చెప్పింది.

కేసు శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఫిర్యాదుదారుడు నివసించే చోట వేసే వీలు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కల్పించింది. సర్వీసుకు మీరు చెల్లించినది 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వినియోగదారుల కేసులను ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-జాగృతి పోర్టల్లోనూ దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. దాంతో పాటే సాంకేతిక పరీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టండి. నిపుణుడి నివేదిక లేని పొగ కేసు గెలవడం కష్టం. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

కొత్త కారు మాత్రం అడగకండి. లోపం ఉన్న భాగాన్ని మార్చడమే వారంటీ షరతు అయినప్పుడు కారంతా మార్చమనలేమని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీది వారంటీ కూడా దాటిన కారు. మరమ్మతు ఖర్చు, సర్వీసు డబ్బు, లారీ బాడుగ, ఆ రోజుల్లో బాడుగ కార్లకైన ఖర్చు, మానసిక వేదనకు కొంత పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి. రశీదులున్నంత వరకు మీ మాటకు బలం ఉంటుంది.

నోటీసు అందాక డీలర్ సగం భరిస్తామని రాజీకి రావచ్చు. ఉచితంగా సరిచేస్తామంటే కాదనకండి. కానీ ‘పూర్తి సంతృప్తితో తీసుకున్నాను’ అన్న కాగితం మీద సంతకం, కారు నరసన్నపేట దాకా నడిచి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, గేజి పుల్ల మీద ఆయిల్ రెండు గీతల మధ్య నిలిచాకే పెట్టండి.