టెక్ సందేహాలు: లోతు నీటి సొరచేపకు తెల్ల దీపం చూపకండి

ప్రశ్న: మేము ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం. 500 మీటర్ల లోతున తిరిగే అరుదైన సొరచేపలను చిత్రీకరించే కెమెరాను ప్రాజెక్టుగా తయారు చేయాలనుకుంటున్నాం. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 4కె కెమెరా, శక్తిమంతమైన తెల్ల ఎల్ఈడీలు తీసుకుని, వై-ఫై ద్వారా పడవలోకి నేరుగా ప్రసారం చేద్దామన్నది మా ఆలోచన. ఇది పనిచేస్తుందా? (పెరంబూరు, చెన్నై నుంచి)

జవాబు: మీ జాబితాలోంచి ముందుగా తీసేయవలసినవి తెల్ల ఎల్ఈడీలు. 200 మీటర్లు దాటాక సూర్యకాంతి మసకబారిపోతుంది. ఆ చీకట్లో మిగిలేదీ, అక్కడి జీవులు తమ ఒంట్లో పుట్టించుకునేదీ చాలావరకు నీలి వెలుగే కాబట్టి వాటి కళ్లు కూడా 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి కాంతికే అలవాటుపడి ఉంటాయి. సొరచేపల కంటిలో, రెటీనా వెనుక, కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. అందిన కొద్దిపాటి వెలుగునూ రెండోసారి వాడుకోవడానికి అది పనికొస్తుంది. అంత సున్నితమైన కంటి ముందు ఉన్నట్టుండి తెల్ల దీపం వెలిగిస్తే ఆ జీవి మీ కెమెరా దరిదాపులకు రాకుండానే తప్పుకోవచ్చు.

ఈ చిక్కుకు పరిష్కారం ఎర్ర కాంతి, ఎందుకంటే లోతు సముద్రపు జీవుల్లో అత్యధికం దాన్ని చూడలేవు. అమెరికా శాస్త్రవేత్త ఎడిత్ విడర్ ఈ సూత్రం మీదనే తన కెమెరాలను రూపొందించారు. 2012లో జపాన్‌కు చెందిన ఒగసవారా దీవుల దగ్గర ఆమె బృందం ఎర్ర దీపాల కెమెరాను దించి, ఆపదలో ఉన్న జెల్లీచేప మెరుపులను అనుకరించే నీలి ఎల్ఈడీల వలయాన్ని ఎరగా ఉంచి, అంతకుముందు ఎవరికీ సహజ స్థితిలో వీడియోకు చిక్కని జెయింట్ స్క్విడ్ అనే భారీ సముద్రజీవిని చిత్రీకరించింది. సొరచేప విషయంలోనూ మీరు అనుసరించవలసిన దారి ఇదేనని నా గట్టి నమ్మకం.

అయితే నీరు ఎరుపును కొద్ది మీటర్లలోనే పీల్చేస్తుంది. కెమెరాకు అందే వెలుగు తక్కువే కనుక 4కె మోజు వదులుకుని, పెద్ద పిక్సెళ్లున్న నలుపు-తెలుపు సెన్సర్‌ను ఫుల్ హెచ్‌డీలో వాడండి. ఎరను కెమెరాకు మీటరు, మీటరున్నర దూరంలోనే కట్టండి. వై-ఫై మాట మరిచిపోవచ్చు. ఉప్పునీటిలో ఆ సంకేతం కొన్ని సెంటీమీటర్లకు మించి సాగదు, కాబట్టి మెమరీ కార్డులో రికార్డు చేసి పైకి తెచ్చాక చూసుకోవలసిందే.

ఇక పీడనం. ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ (నేల మీద గాలి కలిగించే పీడనమంత) చొప్పున పెరుగుతూ 500 మీటర్ల దగ్గర అది 50 దాటుతుంది. కెమెరాను ఉంచే పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న కిటికీ అద్దం ఉంటే, అక్కడ దాని మీద పడే భారం దాదాపు నాలుగు టన్నులు. అద్దం మందం లెక్కగట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో, మూత బిగించేటప్పుడు, నీరు చొరకుండా గాడిలో అమర్చే రబ్బరు వలయం ఓ-రింగ్ దగ్గరా అంతే జాగ్రత్త పడండి. ఆ గాడిలో ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. నూలు పోగులు రాలని గుడ్డతో గాడిని తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజును సన్నగా పట్టించి, మొదటిసారి కెమెరా లేకుండా టిష్యూ కాగితం మాత్రమే పెట్టి దించండి. పైకి వచ్చాక కాగితం పొడిగా ఉంటేనే మిగతా పరికరాలు లోపల పెట్టే ఆలోచన చేయండి. అడుగున నీరు చల్లగా ఉండి అద్దం లోపల ఆవిరి పట్టే అవకాశం ఉంది కనుక తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం కూడా వేయండి.

ప్రశ్న: ముక్కు పొడవుగా ఉన్న గాబ్లిన్ షార్క్ దవడ ఒక్కసారిగా ముందుకు దూసుకొచ్చే వీడియో వాట్సాప్‌లో వచ్చింది. ఇది ఏఐ సృష్టి కాదు కదా? (కొరట్టూరు నుంచి)

జవాబు: ఆ వీడియోను చూడకుండా అది అసలుదో కాదో చెప్పడం సరికాదు గానీ, దవడ అలా దూసుకురావడం మాత్రం నిజం. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 2008, 2011లలో తీసిన దృశ్యాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఆ దవడ గరిష్ఠంగా సెకనుకు 3.1 మీటర్ల వేగంతో ముందుకు వస్తుందని 2016లో ప్రకటించారు. మీకు వచ్చిన వీడియోలో రెండు విషయాలు గమనించండి. పైనుంచి నిరంతరం రాలే తెల్లని నలుసులు దీపపు వెలుగులో కనిపించాలి, దూరం పెరిగేకొద్దీ రంగులు నీలంలోకి కరిగిపోవాలి. నీరు అద్దంలా స్వచ్ఛంగా ఉండి, చేప ఒంటి గులాబీ రంగు ఎంత దూరంలోనైనా ఒకేలా మెరుస్తుంటే అనుమానించండి.

అసలు వీడియో అయినా అది ఎక్కడ తీసిందన్నది ముఖ్యం. 2007లో జపాన్‌లోని అవాషిమా దగ్గర తీసిన ఫ్రిల్డ్ షార్క్ అనే లోతు నీటి సొరచేప దృశ్యాలు ప్రపంచమంతా తిరిగాయి. నీటి పైభాగానికి వచ్చేసి దొరికిన ఆ చేప కొన్ని గంటల్లోనే చనిపోయింది. దాని ఈతను చూసి ఆ జాతి మామూలుగా ఇలాగే ఈదుతుందని అనుకుంటే పొరపాటే.

ప్రశ్న: నా ఫోన్‌కు నీరు, దుమ్ము చొరకుండా రక్షణ ఉందని చెప్పే ఐపీ68 గుర్తింపు ఉంది. ఇంకో కవరు వేసి లోతుకు దించవచ్చా? (టి.నగర్ నుంచి)

జవాబు: వద్దు. ఆ గుర్తింపు తయారీదారు చెప్పిన లోతుకు, చెప్పిన సమయానికే, అదీ మంచినీటికే వర్తిస్తుంది. సాధారణంగా అది కొద్ది మీటర్లు, అరగంట.

ప్రశ్న: మన పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనుషులనే 6,000 మీటర్లకు పంపే జలాంతర వాహనం మత్స్య 6000 తయారు చేస్తుంటే, ఇంకా ఈ దించుడు కెమెరాలతో పనేమిటి? (మాధవరం నుంచి)

జవాబు: రెండింటి పనీ వేరు. మత్స్య 6000 టైటానియం గోళంలో ముగ్గురు కూర్చుంటారు, మామూలు పరిస్థితుల్లో 12 గంటలు ఉండగలరు. కళ్లతో చూసి అప్పటికప్పుడు నిర్ణయించడం మనిషికే సాధ్యం. కానీ దాని ప్రొపెల్లర్ల చప్పుడూ, దీపాల వెలుగూ బెదురు జీవులను దూరం పెట్టగలవు. బరువు కట్టి అడుగున వదిలిన కెమెరా రోజుల తరబడి కదలక మెదలక ఉండి, మధ్యమధ్య మేలుకుని రికార్డు చేసుకుంటుంది. తర్వాత పడవ నుంచి శబ్ద సంకేతం అందగానే బరువును వదిలేసి తేలియాడే బోలు గోళాల సాయంతో పైకి వస్తుంది. ఎప్పుడో గాని కనిపించని సొరచేప కోసమైతే నేను ముందుగా డబ్బు పెట్టేది ఇలాంటి కెమెరా మీదే.