టెక్ సందేహాలు: తెరిచిన ప్రతిసారీ మారిపోయే శాంపిల్

ప్రశ్న: కోనసీమ వరి రైతుల మీద సర్వే చేస్తున్నాను. 2,400 పేర్ల షీటులో ర్యాండ్ ఫార్ములాతో (ప్రతి వరుసకూ ఏదో ఒక సంఖ్య వేసేది) 120 మందిని తీస్తే, ఫైలు తెరిచిన ప్రతిసారీ వేరే పేర్లు వస్తున్నాయి. ఫైలు జత చేశాను.
– పరిశోధక విద్యార్థి, అమలాపురం

జవాబు: ఫైలు తెరిచినా, ఏ గడిలో ఏం టైపు చేసినా ర్యాండ్ కొత్త సంఖ్య వేస్తుంది. ఒక్క హెచ్చరికైనా లేకుండా అంకెలు మార్చేయడం నా దృష్టిలో డిజైన్ లోపమే. ఫార్ములా కిందిదాకా లాగగానే ఆ కాలమ్ కాపీ చేసి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించండి, ఇక అంకెలు మారవు. తర్వాతే ఆ అంకెల వరుసలో సార్టింగ్, అదీ టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి; పైన నిలిచిన 120 మందిని తీసుకోండి. ర్యాండ్ కాలమ్ ఒక్కటే సార్ట్ చేస్తే పేర్లు కదలవు; మీ జాబితాలో మొదట అంబాజీపేట ఉంది కాబట్టి పై 120 పేర్లూ అక్కడివే వస్తాయి. రెండు హద్దుల మధ్య ఏదో ఒక పూర్ణసంఖ్య ఇచ్చే ర్యాండ్‌బిట్వీన్‌తో వరుస సంఖ్యలు ఎంచకండి, ఒకే రైతు రెండుసార్లు రావచ్చు. పడవలో వెళ్లాల్సిన లంక ఊళ్లు తక్కువ పడేదాకా మళ్లీ మళ్లీ తీయడం అసలే వద్దు. మొదట వచ్చిందే మీ శాంపిల్.

నన్ను కంగారుపెట్టింది మీరు జత చేసిన ఫైలు. పైన కాలమ్ అక్షరాలు సీ తర్వాత నేరుగా జీకి దూకాయి. అన్‌హైడ్ నొక్కితే మధ్యలోవి బయటపడ్డాయి: ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లు. అన్నీ 2,400 మందివి! వెంటనే డిలీట్ చేశాను. మీరూ సెంట్ మెయిల్‌లోంచి తీసేయండి. ఇలాంటి ఫైళ్లు నాకు తరచూ వస్తున్నాయి, వచ్చిన ప్రతిసారీ కోపం వస్తోంది. పంట బీమా కోసమో సబ్సిడీ కోసమో నమ్మి ఇచ్చిన నంబర్లవి. మోసగాడి చేతిలో పడితే, ఖాతా నంబరుతో సహా చెప్పి ఓటీపీ అడిగేవాణ్ణి ఏ రైతు అనుమానిస్తాడు?

హైడ్ చేస్తే దాచినట్టు కాదు. షీట్ ప్రొటెక్షన్ పాస్‌వర్డ్ మార్పులను ఆపుతుందే గానీ ఫైలుకు తాళం వేయదు. ఆన్‌లైన్ షీటులో కాలమ్ తీసేసినా, ఎడిట్ హక్కున్న వాళ్లకు పాత వెర్షన్లలో కనిపిస్తుంది. లింకున్న వాళ్లెవరైనా చూడొచ్చన్న మీటను అంత సులువుగా చేతికందేలా పెట్టినవాళ్లను ఏమనాలి? కొత్త ఫైలు తెరిచి వరుస సంఖ్య, ఊరు, మండలం మాత్రమే అతికించి, శాంపిల్ అందులోంచి తీయండి. పేర్ల ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకో సంగతి. జాబితా పట్టాదారు పాసుపుస్తకాల నుంచి వచ్చిందైతే అందులో ఉండేది భూమి యజమానులు. డెల్టాలో చాలా పొలాల్లో నాట్లు వేయించేది కౌలు రైతు. ఊరూరా విచారించి వాళ్లను చేర్చాకే ర్యాండ్ మొదటినుంచి వేయండి.