అనుభవం ఉన్నంత మాత్రాన అధ్యక్షులు రాణిస్తారా?

రాజకీయ అనుభవం ఉన్నవారే అమెరికా అధ్యక్షులుగా రాణిస్తారా అంటే అవునని ఒక్కమాటలో చెప్పలేం. రాయబారిగా, సెనేటర్‌గా, విదేశాంగ మంత్రిగా పనిచేసి 1857లో గద్దెనెక్కిన బ్యుకానన్, రాష్ట్రాలు విడిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ప్రతినిధుల సభలో ఒక్క దఫా మాత్రమే ఉన్న లింకన్ దేశాన్ని నిలబెట్టారు.

చట్టసభను ఒప్పించే పనిలో మాత్రం అనుభవం తప్పక అక్కరకొస్తుంది. సెనేట్‌లో అధికపక్ష నేతగా సభ్యుల లోగుట్టు తెలిసిన లిండన్ జాన్సన్, 1964లో పౌరహక్కుల బిల్లును దక్షిణాది సభ్యులు సుదీర్ఘ ప్రసంగాలతో అడ్డుకున్నప్పుడు, ప్రతిపక్ష నేత డర్క్‌సెన్ మద్దతు కూడగట్టగా, చర్చ ముగింపు తీర్మానం 71–29 ఓట్లతో నెగ్గింది. వియత్నాంలో ఆ నేర్పు ఆయనకు కొరగాలేదు.

పదవి వేరైనా, మన ఓరుగల్లు వాళ్లకు దగ్గరి ఉదాహరణ పి.వి. నరసింహారావు. ఎన్నేళ్లు పదవిలో ఉన్నారన్నదాని కంటే ఎక్కడ దెబ్బతిన్నారన్నదే ముఖ్యమని ఆయన్ను చూస్తే నాకనిపిస్తుంది. భూసంస్కరణలు తలకెత్తుకున్న ముఖ్యమంత్రిగా 1973లో పదవి కోల్పోయిన ఈ మాజీ హన్మకొండ ఎంపీ, 1991లో మెజారిటీ లేని ప్రభుత్వానికి ప్రధాని అయ్యాక, లైసెన్సులను చాలావరకు ఎత్తేసిన పారిశ్రామిక విధానాన్ని బడ్జెట్ రోజైన జూలై 24నే, పెద్దగా చప్పుడు చేయకుండా, సహాయ మంత్రి చేత సభ ముందుంచారు.