సాల్సా చిక్కగా రావాలంటే నీళ్ల సంగతి ముందే చూసుకోండి

టమాటా, ఎర్రగడ్డ, మిరపకాయలు పచ్చిగానే మిక్సీలో వేస్తే సాల్సా (మెక్సికో వాళ్ల టమాటా పచ్చడి) నీళ్లగా వస్తోంది, కార్న్‌ఫ్లోర్ కలపొచ్చా అని అడిగారు. వద్దండీ. ఆ పిండి ఉడికితే గానీ చిక్కబడదు, ఉడికించినా జిగటగా తయారై టమాటా రుచిని చంపేస్తుంది.

టమాటాలో 94, 95 శాతం నీళ్లే. అందుకే ఏ టమాటా కొంటున్నారన్నది చాలా ముఖ్యం. మాది కర్నూలు. పత్తికొండ వైపు నుంచి వచ్చే టమాటా ఇక్కడ సీజన్లో బాగా చవక, ఊరిబిండీ (మా వైపు వేరుశనగ పచ్చడి) సాల్సా రెండూ తరచుగా చేస్తుంటాను. పుల్లటి గుండ్రటి నాటు టమాటా చారుకు బాగుంటుంది గానీ, సాల్సాకు మాత్రం కోలగా, కండ ఎక్కువగా, గింజలు తక్కువగా ఉండేవే ఏరుకుంటాను. మెత్తబడినవి అసలు తీసుకోను.

పచ్చి సాల్సా అయితే టమాటాలను చిన్న ముక్కలుగా తరిగి, కిలోకి ఒక టీస్పూన్ ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో అరగంట వదిలేయండి. కింద ఎంత రసం దిగుతుందో మీరే చూస్తారు. దయచేసి దాన్ని పారబోయొద్దు! గింజల చుట్టూ ఉండే ఆ జిగురులోనే రుచి ఎక్కువ. చిన్న బాండ్లిలో పోసి రెండు మూడు చెంచాలయ్యేదాకా మరిగించి, చల్లారాక మళ్లీ సాల్సాలోనే కలిపేయండి. ఉప్పు అందులో ముందే ఉంది, రుచి చూశాకే ఇంకా వేయాలా వద్దా అన్నది తేల్చుకోండి.

నాకు మాత్రం కాల్చి చేసేదే ఇష్టం. మెక్సికోలో కోమాల్ అనే చదునైన పెనం మీద టమాటా, మిరపకాయలు, తెల్లగడ్డలు మాడేదాకా కాలుస్తారు. మన దోసె పెనం దానికి సరిగ్గా సరిపోతుంది. కోయకుండా కాల్చడంలో ఇంకో లాభం ఉంది. టమాటాను కోసినా నలిపినా దానిలోని ఎంజైములు పెక్టిన్‌ను (గుజ్జును చిక్కగా పట్టి ఉంచే పదార్థాన్ని) విరగ్గొడతాయి, అందుకే పచ్చిగా రుబ్బింది కాసేపటికి నీళ్లు వేరై నిలుస్తుంది. బాగా వేడి తగిలితే ఆ ఎంజైములు పనిచేయవు. తొక్క నల్లబడి లోపల మెత్తబడ్డాక రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి రెండు మూడు తిప్పులు చాలు. ఎక్కువసేపు తిప్పితే గాలి చేరి గులాబీ రంగు నురగ వస్తుంది. ఎర్రగడ్డ, కొత్తిమీర, నిమ్మరసం చివర్లో చేత్తో కలపండి.

ఇంకా గట్టిగా కావాలంటే వేయించిన వేరుశనగపప్పు ఒక చెంచా పొడి కొట్టి కలపండి. ఊరిబిండిలో మనం వేసేదే. మెక్సికోలో వెరాక్రూజ్ వైపు చేసే సాల్సా మాచాలోనూ వేరుశనగ ఉంటుంది, కాబట్టి సాల్సాకు అదేం కొత్త కాదు.

ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయండి. సీసాల్లో సీల్ చేసి నెలల తరబడి దాచే ఆలోచన ఉంటే మాత్రం పిండి అస్సలు కలపకండి. చిక్కదనం వల్ల సీసా మధ్యదాకా వేడి సరిగా చేరదు, అది ప్రమాదం.